పిండి సూర్యుడు: సూరతు సాహిత్యమున నిత్యసంతృప్తి

దుఃఖమునకు సాహిత్యమున ఎన్నడును కొరత లేదు. విరహము, వియోగము, మృత్యువు, దారిద్ర్యము, వీనిలో ఒక్కొక్కదానికి వందలకొలది కవులు దొరకుదురు. సంతృప్తికి మాత్రము కవులు అరుదు. పగటి పని ముగించుకొని ఇంటి అరుగుపై కూర్చున్న మనుష్యుని మనస్సులో నెలకొను నిండుదనమును వర్ణింపబూనిన రచన త్వరలోనే రెండు ప్రమాదములలో ఒకదానికి లోనగును. అది ఉపదేశముగా మారి పాఠకుని విసిగించును. లేదా పూలకుండీల వర్ణనగా మారి అతనికి నిద్ర తెప్పించును. ఈ రెండింటికిని చిక్కకుండ నిత్యజీవన సంతృప్తిని సాహిత్యవస్తువుగా నిలబెట్టుట సాధ్యమా అను ప్రశ్నకు సమాధానము వెదకువారికి గుజరాతులోని సూరతు నగరము మంచి పరీక్షాస్థలము.

ప్రశ్న కొత్తది కాదు. భరతముని 33 వ్యభిచారిభావములను లెక్కించునప్పుడు వానిలో ధృతిని ఒకదానిగా చేర్చెను. లభించినదానిని అనుభవించుట, లభింపనిదానికై శోకింపకుండుట దాని లక్షణములు. అనగా సంతృప్తిని శాస్త్రము ఎరుగకపోలేదు; ఎరిగియు దానికి స్థాయిని ఈయలేదు. ధృతి శృంగారమునకో, వీరమునకో పరిచర్య చేసి తొలగిపోవలసినదే. శాంతరసము దీనికి ఆశ్రయమగునా యనిన, అదియును కుదరదు. మమ్మటుడు శాంతమునకు నిర్వేదమును స్థాయిగా చెప్పెను. గృహస్థుని తృప్తి నిర్వేదము కాదు. అతడు దేనిని త్యజింపలేదు. బియ్యపు డబ్బా నిండుగా ఉన్నదని, పిల్లలు నిద్రపోయిరని, వాన వెలిసినదని అతడు సంతోషించుచున్నాడు. కావ్యశాస్త్రము సంచారిగా మాత్రమే అంగీకరించిన ఈ భావము ఒక రచననంతటిని మోయగలదా? మోయగలదనినచో, దానికి తగిన విభావములు ఏవి?

సూరతు తాపీనది ఒడ్డున, సముద్రమునకు సమీపమున నున్న ప్రాచీనపు రేవుపట్టణము. మొగలాయి కాలమున మక్కా యాత్రికులకు ఇది ద్వారము. ఐరోపా కంపెనీలకు తొలి గిడ్డంగులలో ఒకటి. జరీ, పట్టు, వజ్రపు సాన, నేడు కృత్రిమ వస్త్రములు, ఇవి దీని జీవనాధారములు. ఈ నగరము సుఖముగానే సాగివచ్చినదని చెప్పుటకు వీలులేదు. 1837లో మహాగ్నిప్రమాదమున ఊరిలో పెద్దభాగము బూడిదయ్యెను. 1994లో ప్లేగు భయమున లక్షలాది జనము ఇండ్లు విడిచి పారిపోయిరి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరమును ముంచివేసెను. ఇట్టి ఊరికి గుజరాతులో భోగప్రియత్వము విషయమున పేరు కలదు. సూరతులో భోజనము, కాశిలో మరణము కోరదగినవని అక్కడి సామెత. మరణముతో సమానముగా భోజనమును తూచిన ఈ సామెతలో వినోదముతోపాటు ఒక జీవనదృష్టియు ఉన్నది.

ఆ దృష్టి శరదృతువున స్పష్టముగా కనబడును. ఆశ్వయుజ పూర్ణిమనాడు పాలలో అటుకులు వేసి, వెన్నెలలో ఉంచి తినుట గుజరాతువారి ఆచారము. సూరతు వారికి అది చాలదు. మరునాడు, బహుళ పాడ్యమినాడు, వారు 'చందీ పడవో' అను పేర మరియొక పండుగ జరుపుకొందురు. కోవా, చక్కెర కూర్చి చేసి నేతితో పూతపెట్టిన ఘారీ యను మిఠాయిని, భూసూ అను కారపు తినుబండారమును మూటగట్టుకొని కుటుంబములు మేడలమీదకును, నది ఒడ్డునకును, డుమస్ సముద్రతీరమునకును చేరి వెన్నెలలో కూర్చుండి తినును. ఈ పండుగలో భోజనమే ప్రధానకర్మ, వెన్నెలయే దీపము. దీనికొరకు దూరయాత్ర అవసరము లేదు. ఊరి చివరనున్న సముద్రము దాక పోయి, ఆ రాత్రియే తిరిగివచ్చి, మరునాడు పనిలోనికి పోవుటయే దీని మర్యాద. రెండు దినములు గడువగానే తెలుగునాట అట్లతద్ది వచ్చును. అక్కడను చంద్రోదయమునకై ఎదురుచూపు, అట్లు, ఆటపాటలు, ఉయ్యాలలు. పంచాంగమున ఇంత చేరువగా నున్న ఈ రెండు పండుగలను చూచినవారికి, శరత్తు నిత్యజీవితమునకు తనను తాను చూచుకొను తీరికను ఇచ్చుననుట స్పష్టమగును.

ఇట్టి నగరమునుండి వచ్చిన తొలి ఆధునిక రచయిత మాత్రము తృప్తి ఎరుగనివాడు. నర్మదాశంకర దవే, లోకమునకు నర్మద్, 1833 ఆగస్టు 24న సూరతులో జన్మించెను. 1851 నాటి అతని ప్రసంగవ్యాసము గుజరాతీ వచనమునకు మొదటి మెట్లలో ఒకటి. 1858 నవంబరు 23న ఉపాధ్యాయవృత్తిని విడిచి ఇక కలమునే నమ్మి బ్రదుకుదునని వ్రతము పట్టెను. 1864లో 'దాండియో' పత్రికను వెలువరించెను. ఒంటిచేతితో కూర్చిన 'నర్మకోశ్' నిఘంటువు 1873లో పూర్తిగా వెలువడెను. అప్పులపాలై, 24 సంవత్సరముల వ్రతమును 1882లో విడిచి, ఉద్యోగమున చేరవలసివచ్చెను. 1886లో మరణించెను. సంస్కర్తగా, కోశకర్తగా, పత్రికారచయితగా అతడు గడపిన జీవితమున ధృతికి చోటు తక్కువ. అయినను సంతృప్తి సాహిత్యమునకు అతడే తెలియక పునాది వేసినవాడు. 1866లో అతడు వ్రాసుకొన్న 'మారీ హకీకత్' ఆత్మకథ 1933లో గాని లోకమునకు అందలేదు. ఒక సామాన్యుని ఇల్లు, వీథి, జబ్బు, భయము, చిన్న గర్వము వచనమునకు తగిన వస్తువులేనని ఆ గ్రంథము నిరూపించినది. తృప్తిని వర్ణించుటకు ముందు, తన్ను గూర్చి దాచక చెప్పుకొను వచనము పుట్టవలెను. అది సూరతున నర్మద్ చేత పుట్టెను.

ఆ వచనమునకు నవ్వు నేర్పినవాడు జ్యోతీంద్ర దవే. 1901లో సూరతున జన్మించి 1980లో గతించిన ఈతడు గుజరాతీ హాస్యవ్యాసమునకు పర్యాయపదమయ్యెను. 'రంగ్‌తరంగ్' సంపుటములలోని అతని పద్ధతి గమనింపదగినది. ఇతరులను వెక్కిరించుటకు ముందు తన్నే వెక్కిరించుకొనును. ముఖ్యముగా తన బక్కపలుచని దేహమును హాస్యమునకు ముడిసరకుగా వాడుకొనును. తెలుగున పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసములతో దీనిని పోల్చినచో భేదము తేటపడును. జంఘాలశాస్త్రి వేదికపై నిలిచి సంఘమును మందలించును. అతని హాస్యమున కోపము నిప్పువలె దాగి ఉండును. జ్యోతీంద్రుని హాస్యమున కోపము లేదు, రాజీ ఉన్నది. దేహము బలహీనము, ఇల్లు ఇరుకు, లోకము తిక్కది, అయినను కాలము గడుపవచ్చునను రాజీ అది.

ధన్‌సుఖ్‌లాల్ మెహతాతో కలిసి ఈతడు 1936లో వెలువరించిన 'అమే బధాం' నవల ఆనాటి సూరతు సంసారజీవితమునకు చిత్రపటము. 'మేమందరము' అని దాని అర్థము. ఇద్దరు రచయితలు కలిసి వ్రాసిన నవలకు బహువచనపు సర్వనామము శీర్షిక యగుట చమత్కారమే గాని, అందులో విమర్శకునికి పనికివచ్చు విషయము మరియొకటి కలదు. సంతృప్తి ఏకవచనమున నిలువదు. ఒంటరివాని దుఃఖము గొప్ప కావ్యము కావచ్చును. ఒంటరివాని తృప్తి సులభముగా స్వార్థముగా కనబడును. ఇరుగుపొరుగు, బంధువులు, అతిథులు, అరచుకొను పిల్లలు ఉన్నచోటనే అది పాఠకునికి నమ్మదగినదగును. ధృతికి మొదటి విభావము ఇదియే: చుట్టును జనముండవలెను.

రెండవ విభావము పని. సూరతు గజల్ కవి గనీ దహీవాలా ఇందుకు నిదర్శనము. 1908లో సూరతున జన్మించి 1987లో మరణించిన ఈ కవి వృత్తిచేత దర్జీ. బట్టలు కుట్టుకొనుచునే గుజరాతీ గజలునకు స్థిరమైన స్థానము సంపాదించిన తరములో ఒకడయ్యెను. 1953లో 'గాతాం ఝరణాం' వెలువడెను. 1981 నాటి సంపుటమునకు అతడు 'నిరాంత్' అని పేరు పెట్టెను. గుజరాతీలో ఈ మాటకు తీరిక, నెమ్మది, గుండె దిగువకు దిగిన స్థితి అని అర్థచ్ఛాయలు కలవు. తెలుగున దీనికి 'నిమ్మళము' అను మాట దగ్గరగా వచ్చును. పనియే లేనివానికి నిరాంత్ ఉండదు; అతనికి ఉండునది ఊరక గడచు కాలము. పని ముగిసినవానికి, లేదా పని నడుమ సూది ప్రక్కన పెట్టినవానికి మాత్రమే నిమ్మళము లభించును. విరహమును, మధువును ప్రధాన సామగ్రిగా స్వీకరించిన గజలు ప్రక్రియలో డెబ్బది దాటిన దర్జీ కవి తన సంపుటమునకు ఈ పేరు ఎన్నుకొనుట చిన్న విషయము కాదు. ఆర్తికి పుట్టినిల్లయిన ప్రక్రియలో ధృతికి ఒక గది వేసినట్లయినది.

ఈ మార్గమున అత్యంత సార్థకమైన శీర్షిక రతిలాల్ 'అనిల్' వ్యాససంపుటిది. రతిలాల్ 1919లో సూరతున పుట్టి 2013లో గతించెను. బడిచదువు ప్రాథమికదశలోనే ఆగిపోయినది. చిన్ననాటనే జరీపనిలో చేరెను. 1942 ఉద్యమమున జైలుకు పోయెను. గజళ్లు, ముక్తకములు వ్రాసెను. 'కంకావటి' పత్రికను నడపెను. అతని వ్యాససంపుటి 'ఆటానో సూరజ్' 2006 సంవత్సరపు సాహిత్య అకాడెమీ పురస్కారము పొందినది. పేరునకు అర్థము 'పిండి సూర్యుడు'. గుజరాతు వంటింట పెనముపై ఉబ్బు గుండ్రని రొట్టెను చూచినవారికి ఈ రూపకము విప్పి చెప్పనక్కరలేదు.

ఈ రూపకమును అలంకారశాస్త్రపు గీటురాతిపై గీచిచూడవలెను. ముఖచంద్రుడనునప్పుడు ముఖమునకు చంద్రుని వలన గౌరవము వచ్చును. ఉపమానము ఎప్పుడును ఉన్నతము. ఉపమేయము దాని వెలుగును అరువు తెచ్చుకొనును. పిండి సూర్యుడనునప్పుడు ఆ క్రమము తారుమారగుచున్నది. రొట్టెకు సూర్యుని తేజస్సు వచ్చినమాట నిజమే. కాని సూర్యునికిని ఒక కొత్త గుణము వచ్చినది: అతడు చేతితో చేయబడినవాడయ్యెను. ఆకాశమందలి సూర్యుడు ఎవరి ప్రయత్నము లేకుండ ఉదయించును. పిండి సూర్యుని మాత్రము ప్రతిదినము ఎవరో ఒకరు పిసికి, వత్తి, కాల్చవలెను. ఆ పూట పిండి లేకున్నచో ఆ సూర్యోదయము లేదు. నిత్యసంతృప్తికి ఇంతకంటె బిగువైన నిర్వచనము దొరకుట కష్టము. అది ప్రకృతిదత్తము కాదు, ప్రతిదినము చేసుకొనవలసిన పని. జరీపనిలో పెరిగిన కవికి ఈ సంగతి పుస్తకములవలన తెలియవలసిన అవసరము లేకపోయినది.

అయితే ఇక్కడనే విమర్శకుడు ఒక ప్రశ్న వేయవలసియున్నది. పిండి పిసికిన చేయి ఎవరిది? నర్మద్ మొదలు రతిలాల్ వరకు ఇంతవరకు పేర్కొన్నవారందరును పురుషులు. ఇంటి తృప్తిని పురుషుడు వర్ణించునప్పుడు ఆ తృప్తిని తయారుచేసిన శ్రమలో అధికభాగము స్త్రీది. రొట్టె ఉబ్బినప్పుడు చూచి ఆనందించువాడు ఒకడు. పొగలో కన్నులు నులుముకొనుచు దానిని త్రిప్పినవారు వేరొకరు. తెలుగు కావ్యములలో గృహజీవన సంతృప్తికి ఉత్తమోదాహరణమైన 'ఆముక్తమాల్యద'లోని విష్ణుచిత్తుని అతిథిసత్కారమునకును ఈ ప్రశ్న వర్తించును. వానకాలమున ఒక భోజనము, వేసవిని మరియొకటి, చలికాలమున వేరొకటి వడ్డింపబడుటను రాయలు రుచులతో, వాసనలతో వర్ణించెను. చక్రవర్తియైన కవి వంటకముల వివరములు అంత సూక్ష్మముగా ఎరిగియుండుట ఆశ్చర్యము. పాఠకుడు అతిథియై ఆ పంక్తిలో కూర్చుండును. వంటింటిలోనికి మాత్రము పోడు.

ఈ ప్రశ్నకు సూరతునుండియే ఒక సమాధానము వచ్చినది. 1947లో సూరతున జన్మించిన హిమాంశీ శేలత్ కథాసంపుటి 'అంధారీ గలీమాం సఫేద్ టపకాం'కు 1996లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. 'చీకటి సందులో తెల్లని చుక్కలు' అని పేరునకు అర్థము. సంఘము వెలివేసిన స్త్రీల బ్రదుకులు ఆమె కథలకు వస్తువులు. పిండి సూర్యుని ప్రక్కన ఈ తెల్లని చుక్కలను ఉంచి చూడవలెను. ఒకే నగరము, ఒకే భాష, ఒకే పురస్కారము. పది సంవత్సరముల యెడము. ఒక శీర్షికలో వెలుగు వంటిల్లంత నిండియున్నది. మరియొకదానిలో వెలుగు చుక్కలకు తగ్గినది. రెండవ గ్రంథము మొదటిదానిని అబద్ధము చేయదు. దానికి హద్దు గీయును. ఆ హద్దు లేనిచో సంతృప్తి సాహిత్యము ఆత్మతృప్తిగా దిగజారును. తెలుగున పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చేసిన పనియు ఇట్టిదే. ఇల్లు అలుకుచు అలుకుచు తన పేరే మరచిపోయిన గృహిణి, అద్దమువలె మెరయు ఆ నేలకు చెల్లించిన వెలయెంతో చెప్పినది. ఇల్లలకగానే పండుగ కాదని సామెత చెప్పును. ఎవరు అలికిరని కథ అడుగును.

నిశ్చలమైన విహారము, ఏకాంతయాత్ర అను విషయమునకు వచ్చినప్పుడు దక్షిణగుజరాతు ప్రాంతమునకు చెందిన సురేశ్ జోషిని తలంపవలెను. 1921లో బార్డోలీ సమీపమున వాలోడ్‌లో జన్మించిన ఈతని బాల్యము సోన్‌గఢ్‌లో, అడవుల నడుమ గడచినది. 1965లో వెలువడిన 'జనాన్తికే' వ్యాససంపుటిలో ఆ బాల్యము మరల మరల పలుకును. సంస్కృతనాటకములు చదివిన తెలుగువారికి జనాంతికమనగా తెలియును. రంగమున పలువురుండగా, వ్రేళ్లు అడ్డముపెట్టి ఒక్కనితో మాత్రము చెప్పుమాట అది. సభలో అందరికిని వినిపించునది ఉపన్యాసము. ఒక్కరికి వినిపించునది జనాంతికము. ఏకాంతమును గూర్చిన వచనమునకు ఈ స్వరమే తగినది. అడవి శాంతమును వేదికపైనుండి వర్ణించినచో అది యాత్రాప్రకటన వలె వినబడును. ఒక్క పాఠకుని చెవిలో చెప్పినప్పుడే నిశ్శబ్దము నిశ్శబ్దముగా నిలుచును.

కాకా కాలేల్కర్ ఈ విషయమున మరియొక కొలబద్ద. 1885లో సతారాలో జన్మించిన మరాఠీవాడు. గాంధీజీ అతనిని 'సవాయి గుజరాతీ' యనెను. అనగా గుజరాతీలకంటె పాతికవంతు అధికుడైన గుజరాతీ యని. 1936లో 'జీవననో ఆనంద్', 1953లో 'రఖడవానో ఆనంద్' అను పేర్లతో ఈతని గ్రంథములు వెలువడినవి. మొదటిది జీవనానందము, రెండవది సంచారానందము. 'జీవన్ వ్యవస్థా' గ్రంథమునకు 1965లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. ఇల్లును, దారిని ఒకే ఆనందమునకు రెండు వైపులుగా చూచుట ఈ శీర్షికల జంటలోనే ఉన్నది. ఊరు విడిచిపోవుట ఊరిని ద్వేషించుట వలన కాదు, తిరిగివచ్చి దానిని కొత్తగా చూచుట కొరకు. సూరతువారి చందీ పడవో రాత్రి డుమస్ దాక పోయివచ్చుటలోను ఈ తత్త్వమే చిన్నరూపమున ఉన్నది.

సంతృప్తిని సాహిత్యవస్తువుగా అంగీకరించుటకు తెలుగు రచయితకు సహజముగా ఒక సంకోచము కలదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము వెలసినది మొదలుకొని అసంతృప్తియే రచయిత ధర్మమను భావము తెలుగున బలపడినది. ఆకలిగొన్నవారు ఉన్న దేశమున తృప్తిని కీర్తించుట ద్రోహముకాదా యను ప్రశ్నలో న్యాయమున్నది. కాని దాని వెనుక ఒక పొరపాటు ఊహయు ఉన్నది: సంతృప్తి కలవారి సొత్తని, శ్రామికునికి మిగిలినది ఆక్రోశమేనని. సూరతు సాక్ష్యము దీనికి విరుద్ధము. నిరాంత్ అని తన గ్రంథమునకు పేరుపెట్టినవాడు దర్జీ. పిండిలో సూర్యుని చూచినవాడు జరీపనివాడు, జైలుకు పోయివచ్చినవాడు. రోజంతయు ఇతరులకొరకు పనిచేయువానికి తనదని చెప్పుకొనదగిన గంట ఒక్కటి దొరకినప్పుడు, ఆ గంటలోని తృప్తి లొంగుబాటు కాదు, స్వాధీనత. ఆ గంటను వర్ణింపని సాహిత్యము శ్రామికుని సగముమాత్రమే చూచినదగును.

తెనాలి ప్రాంతముననే ఈ వాదమునకు మరియొక సాక్షి దొరకుట విశేషము. అక్కడికి చేరువనున్న తుమ్మపూడి గ్రామమున 1914లో జన్మించిన సంజీవదేవ్ యౌవనమున హిమాలయప్రాంతములు తిరిగి, మరల స్వగ్రామమునకు వచ్చి, 1999లో మరణించువరకు అదియే తన స్థానముగా చిత్రములు వేయుచు, వ్యాసములు, లేఖలు వ్రాయుచు జీవించెను. అతని ఆత్మకథకు ఊరిపేరే పేరైనది. హిమాలయము చూచినవానికి తుమ్మపూడి చాలుట తెలుగు వచనమున ధృతికి దొరకిన అరుదైన రూపము. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' గోదావరి ప్రాంతపు ఇండ్లను, భోజనములను, మాటతీరును భద్రపరచిన తీరును ఇట్లే పరిగణింపవలెను. ఇవి తెలుగున ఉన్నవి; అయినను ఒక మార్గముగా గుర్తింపబడక, విడివిడి వ్యక్తుల విశేషములుగా మిగిలినవి.

పద్యమున శరత్తునకు లోటు లేదు. నన్నయ భారతరచన అరణ్యపర్వమున శరద్రాత్రుల వర్ణనతో ఆగిపోయెనని ప్రసిద్ధి. తెలుగు కవిత్వమునకు ఆదికవి విడిచిపోయిన చివరి దృశ్యము శరద్వెన్నెల. ఎఱ్ఱన దానిని అందుకొని పూరించెను. తరువాతి ప్రబంధకవులు శరత్తును వర్ణింపని కావ్యము వ్రాయుట అరుదు. కాని ఆ శరత్తున చంద్రుడు, హంసలు, రెల్లుపూలు, తేటపడిన నీరు కనబడినంతగా ఇల్లు కనబడదు. ఋతువు ఆకాశమునుండి అరుగుపైకి దిగలేదు. దానిని దింపినవారు పండితులు కారు, పల్లెపడుచులు.

తెలంగాణమున భాద్రపద అమావాస్యతో ఆరంభమై తొమ్మిదిదినములు సాగు బతుకమ్మ ఆ అవతరణమే. తంగేడు, గునుగు, బంతి, ఇవి తోటమాలి పెంచిన పూలు గావు. ఎక్కువభాగము చేలగట్ల, బీళ్ల పూలు. వానికి వేరుగా విలువ లేదు. వరుసలుగా పేర్చి, గోపురముగా నిలిపి, చుట్టును తిరిగి పాడినప్పుడు అవి దేవతయగును. చివర నీటిలో కలిసిపోవును. రతిలాల్ పిండి సూర్యునకు ఇది పూల రూపము: చేతులతో చేయబడినది, ప్రతిదినము కొత్తగా చేయవలసినది, నిలువ ఉంచుటకు వీలులేనిది. అందులోను ఒక భేదమున్నది. ఇక్కడ చేసిన చేతులును, ఆనందించు కన్నులును ఒకరివే. పిండి ఎవరు పిసికిరను ప్రశ్న బతుకమ్మ ముందు తలయెత్తదు.

ఈ బతుకమ్మ సూరతునను కలదు. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు తరములుగా షోలాపురము, భివండి, ముంబయి, అహమ్మదాబాదు, సూరతు నగరములకు మగ్గములను వెదకుకొనుచు పోయినవి. సూరతున లింబాయత్, ఉధనా ప్రాంతముల మరమగ్గముల చప్పుడులో తెలుగు వినబడును. ఆ నగరపు పురపాలక విద్యాసమితి తెలుగు మాధ్యమమున గూడ బడులు నడపినది. శరన్నవరాత్రులలో అక్కడ రెండు వలయములు ఏర్పడును. గుజరాతీ స్త్రీలు రంధ్రముల కుండలో దీపముంచి దాని చుట్టును గర్బా ఆడుదురు. తెలుగు స్త్రీలు పూలగోపురము చుట్టును చప్పట్లు కొట్టుచు పాడుదురు. మధ్యనున్నది ఒకచోట దీపము, మరియొకచోట పువ్వు. ఋతువు, సంధ్య, వలయగతి ఒక్కటే. పండ్రెండు గంటల మగ్గపు పని నడుమ దొరకిన ఆ సాయంకాలము సూరతు తెలుగువారికి శరత్తు, విహారము, ఇల్లు, అన్నియును.

ఈ సాయంకాలమునకు తెలుగు సాహిత్యమున ఇంకను తగిన చోటు దొరకలేదు. వలసపోయిన చేనేతవాని కథ వ్రాయబూనిన రచయిత చేయి సహజముగా విలాపమువైపు మొగ్గును. మూతపడిన మగ్గము, అప్పు, రైలుపెట్టె, ఇరుకుగది, ఇవన్నియును నిజములే, వ్రాయవలసినవే. అయినను ఆ ఇరుకుగదిలోని ఇల్లాలు అంగటిలో బంతిపూలు బేరమాడి తెచ్చి, పొరుగున నున్న గుజరాతీ స్త్రీకి బతుకమ్మ పేర్చుటను నేర్పి, కొన్ని దినములైన తరువాత ఆమె తెచ్చి ఇచ్చిన ఘారీని పిల్లలకు పంచిన దినము ఉండదా? ఆ దినము వ్రాయబడనిచో, ఆ కుటుంబము తెలుగు పాఠకునికి జాలిపడదగిన వస్తువుగానే మిగులును. తనవంటి మనుష్యులుగా ఎదురుపడదు. కాలేల్కరు మరాఠీ పుట్టుకతో గుజరాతీ గద్యమును సంపన్నము చేసినట్లు, సూరతు మరమగ్గముల వాడలనుండి రెండు భాషలెరిగిన రచయిత ఒకడు, లేక ఒకతె, వచ్చుట అసంభవము కాదు. అట్టివారికి ప్రక్రియ సిద్ధముగానే ఉన్నది. సూరతు దానిని ఒకటిన్నర శతాబ్దములుగా సానపట్టినది.

ధృతి స్థాయి కాగలదా యను ప్రశ్నకు సూరతు రచనలు చెప్పు సమాధానమును ఇట్లు సంగ్రహింపవచ్చును. కాగలదు, మూడు నియమములతో. చుట్టును జనముండవలెను, తృప్తి వెనుక పని కనబడవలెను, తన తృప్తికి ఎవరు వెలచెల్లించిరో రచయిత ఎరిగియుండవలెను. మొదటిది లేనిచో అది స్వార్థము, రెండవది లేనిచో సోమరితనము, మూడవది లేనిచో అబద్ధము. ఈ మూడును ఉన్నప్పుడు రొట్టెముక్కయు, పూలవరుసయు, వెన్నెలలో తిన్న మిఠాయియు సాహిత్యమునకు చాలినంత బరువు కలవగును. చలికాలమున సూరతువారు లేత జొన్నలను కాల్చి, 'పోంక్' అను పేర ఇష్టముగా తిందురు. తెలుగునాట రైతులు వానినే ఊచబియ్యమందురు. కంకి ముదిరినచో ఆ రుచి ఉండదు. కొద్దిదినములే దాని కాలము. నిత్యజీవనపు తృప్తియు అట్టి పంటయే. దానిని అదనున కోయగల వచనకారులకై తెలుగు ఎదురుచూచుచున్నది.